ఇంకా రాని ఆట

ఆదివారం సాయంత్రం మానేరు మీది తీగల వంతెన దగ్గరికి పోతే కరీంనగర్ సగం అక్కడే ఉన్నట్టుంటుంది. మక్క కంకులు కాల్చేవాళ్ళు, ఫోటోలు దిగే కొత్త జంటలు, బుగ్గల కోసం మారాం చేసే పిల్లలు. మొన్నామధ్య ఆ సందడిలోనే నలుగురు కుర్రాళ్ళు, డిగ్రీ చదివే ఈడువాళ్ళు, ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు. క్రికెట్టేమో, స్కోరు అడుగుదామని దగ్గరికి పోయాను. "ఆపు ఆపు, గక్కడ ఆపు. జర ఎనకకు జరుపు. దుకాణంలకు మొసలి వస్తున్నది చూడు" అంటున్నాడు ఒకడు. "మొసలి సంగతి తర్వాత, గా అద్దాల మీద ఎలుగు చూడురా బై, గట్లెట్ల చేసిన్రు" అంటున్నాడు ఇంకొకడు. అది గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆరో భాగం ట్రైలర్. 2023 డిసెంబరులో వచ్చింది. వచ్చిన ఒక్క రోజులోనే 9 కోట్ల సార్లకు పైగా చూశారు జనం. ఈ నలుగురూ ఇంకా చూస్తూనే ఉన్నారు, ఒక్కో దృశ్యాన్నీ ఆపి ఆపి, గింజలు ఏరినట్టు. ఆట ఎప్పుడొస్తుందని అడిగాను. "నవంబర్ 19 అంటున్నరు సార్, రెండుసార్లు ఎనకకు పోయింది" అన్నారు. మీలో ఎవరింట్లోనైనా ప్లేస్టేషన్ ఉందా అంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ లేదు. ఆ పెట్టె ఒక్కటే వేల రూపాయలవుతుంది. మరి ఎలా ఆడతారు? వాళ్ళలో బక్కపలచటి పిల్లాడు ఏమాత్రం తడుముకోకుండా అన్నాడు: "లేకుంటేంది సార్, రానీయుండ్రి ముందు."

ఆ మాట నన్ను వదలడం లేదు. కొనలేని దాని కోసం, కొన్నా ఆడే సాధనం లేని దాని కోసం, ఇంకా పుట్టనే పుట్టని దాని కోసం ఇంత ఆరాటం ఏమిటి? ఇది అమ్మేవాడు నాటిన ఆశేనా, లేక వాళ్ళు సొంతంగా పెంచుకుంటున్నది మరేదైనా ఉందా? పెద్దవాళ్ళం చాలామందిమి మొదటి జవాబుతో సరిపెట్టుకుంటాం. కంపెనీలు ఊరిస్తాయి, పిల్లలు ఊరిపోతారు, అంతే అంటాం. నాకు ఆ జవాబు చాలదు. ఎందుకంటే ఆ ఆరాటం నాకు తెలుసు. దానితోనే పెరిగాను.

నా చిన్నప్పుడు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే పెట్టె. క్యాసెట్ పెడితే ఆట. ఒక్క క్యాసెట్‌లో వందల ఆటలున్నాయని అట్ట మీద రాసేవాళ్ళు, తిప్పి తిప్పి చూస్తే మారియో, కాంట్రా, యుద్ధ ట్యాంకుల ఆట, మళ్ళీ అవే. పెట్టె ఇంట్లో ఉన్నవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళం గంటకు ఇంతని కట్టి షాపులో ఆడేవాళ్ళం, డబ్బులు లేని రోజు ఆడేవాళ్ళ వెనకాల నిలబడి చూసేవాళ్ళం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1995 మే నెలలో, లాస్ ఏంజెలిస్‌లో ఈ-త్రీ అనే ప్రదర్శన మొదలైంది. రాబోయే వీడియో గేములన్నిటినీ ఒకచోట పెట్టి చూపే వ్యాపార సంత అది. అసలు ఉద్దేశం దుకాణదారులకు చూపించడం, ఏ ఆట ఎన్ని కాపీలు తెప్పించుకోవాలో వాళ్ళు లెక్క వేసుకోవడం. ఆ మొదటి ఏడాదే సెగా కంపెనీ తన కొత్త యంత్రం 399 డాలర్లని ప్రకటించింది. తర్వాత సోనీ వంతు వచ్చినప్పుడు స్టీవ్ రేస్ అనే ఆయన వేదిక ఎక్కి, '299' అని ఒక్క అంకె పలికి దిగిపోయాడట. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు కరీంనగర్ దాకా వినపడలేదు. వినపడినా 299 డాలర్లంటే ఎన్ని రూపాయలో లెక్క వేసి నోరు మూసుకునేవాళ్ళం. అయినా ఏళ్ళ తర్వాత ఆ కథ చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. హాలు నిండా పెద్దవాళ్ళు ఒక ఆట పెట్టె ధర విని కేరింతలు కొట్టారంటే, షాపులో ఇతరుల భుజాల మీంచి తొంగిచూసిన మా పిచ్చి ఒంటరి పిచ్చి కాదన్నమాట.

ఈ-త్రీ మా ఊరికి నిజంగా చేరింది 2003 ఎండాకాలం తర్వాత, డిజిట్ పత్రికతో పాటు వచ్చే సీడీలో. ముకరంపురలో ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అరలు, బంతి ఉన్న మౌసులు, కరెంటు పోగానే కీచుమనే యూపీఎస్‌లు. ఆ సెంటర్ అన్న పత్రిక తెప్పించి, సీడీని అన్ని కంప్యూటర్లలోకీ ఎక్కించేవాడు. నెట్‌లో చూద్దామంటే పది నిమిషాల వీడియో దిగడానికి పూట పట్టేది, అందుకని సీడీయే మాకు దిక్కు. ఆ నెల అందులో హాఫ్-లైఫ్ రెండో భాగం ప్రదర్శన ఉంది. తుపాకులూ రాక్షసులూ అందరికీ గుర్తుండే ఉంటాయి. నాకు గుర్తుండిపోయింది నీళ్ళు. వస్తువులు నీళ్ళలో పడుతున్నాయి. చెక్క తేలింది, బరువైనది మునిగింది. తేలినది ఊరికే తేలలేదు. ముందు ఒక మూల కిందికి పోయి, మళ్ళీ లేచి, అటూ ఇటూ ఊగి, నెమ్మదిగా కుదురుకుంది. అప్పటిదాకా మేం చూసిన ఆటల్లో నీళ్ళంటే నీలం రంగు వేసిన నేల. ఈ నీళ్ళకు బరువు తెలుసు. ఆ ముక్కను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో! అన్న వచ్చి గంట అయిపోయిందని తలుపు కొట్టాడు.

తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. సైకిలేసుకుని ఎల్ఎండీ (దిగువ మానేరు డ్యామ్) కట్ట మీదికి పోయాను. నీళ్ళు చూడటానికి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నీళ్ళే. చేపలు పట్టే ఆయన థర్మకోల్ తెప్ప మీద కూర్చుని వల లాగుతున్నాడు. లాగినప్పుడల్లా తెప్ప ఒక మూల మునిగి, ఆయన ఒళ్ళు రెండో వైపుకు వాల్చగానే లేస్తోంది. వల బరువెక్కే కొద్దీ ఆయన కూర్చునే తీరు మారుతోంది. కాలొకటి మడత, కాలొకటి నీళ్ళలో. నీళ్ళు తెప్ప అంచును తాకిన చోట చిన్న నురగ, అది విడిపోయి గుర్రపుడెక్క ఆకుల దగ్గర ఆగిపోవడం. ఇవన్నీ అంతకు ముందూ జరుగుతూనే ఉన్నాయి కదా. నేనెందుకు చూడలేదు? ఎక్కడో అమెరికాలో ఎవరో ఇంజనీర్లు, నీళ్ళలో చెక్క ఎలా ఒరుగుతుందో లెక్కలు కట్టి చూపిస్తే, మా ఊరి నీళ్ళలో తెప్ప ఎలా ఒరుగుతుందో నాకు కనపడటం మొదలైంది. అప్పటి నుంచి ఆట కోసం ఎదురు చూసినన్నాళ్ళూ నేను లోకాన్ని అలాగే చూశాను. టవర్ సర్కిల్‌లో వాన వెలిసిన రోడ్డు మీద దుకాణాల లైట్లు, ఎలగందుల కోట మెట్ల మీద పాచి, బస్టాండులో తుప్పు పట్టిన రేకుల కింద ఎండ గీతలు. దీన్ని ఆటలో పెడితే ఎలా ఉంటుంది? ఈ వెలుగును ఎలా గీస్తారు? ఎదురు చూడటమంటే నాకు అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, కళ్ళతో పని చేయడం.

ఆ ఆట 2003 సెప్టెంబరు 30న వస్తుందన్నారు. రాలేదు. కంపెనీ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి ఆట మూలాన్నే ఎత్తుకుపోయారని అక్టోబరులో తెలిసింది. చివరికి 2004 నవంబరులో వచ్చింది. మా నెట్ సెంటర్ కంప్యూటర్లకు దాన్ని మోసే సత్తువ లేదు. కొన్నేళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక ఆడాను. గొప్ప ఆట, ఇప్పటికీ అదే మాట అంటాను. అయితే నేను ఎదురు చూసిన ఆటలో మానేరు ఉంది, తెప్ప ఉంది, ముకరంపుర ఉంది. కంపెనీ చేసిన ఆటలో అవి ఉండవు గదా. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ట్రైలర్ మనకిచ్చేది రెండు మూడు నిమిషాలు. మిగతా ఆటంతా మనమే కట్టుకుంటాం. దేనితో కడతాం? మన దగ్గరున్న ఇటుకలతోనే. అందుకేనేమో ఇంకా రాని ఆట ఎప్పుడూ మన ఊళ్ళోనే జరుగుతుంది. తీగల వంతెన మీద ఆ నలుగురు చూస్తున్న ఆట జరిగే వైస్ సిటీ సముద్రపు ఒడ్డులో ఎంత మానేరు కలిసి ఉందో వాళ్ళకే తెలియాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వైస్ సిటీ వాళ్ళకు కొత్త ఊరు కాదు. 2002లో అదే పేరుతో వచ్చిన ఆట ఈ జిల్లాల నెట్ సెంటర్లను ఏలింది. ఆ ఆట చీట్ కోడ్‌లు నోటుబుక్కు ఆఖరి పేజీలో రాసుకుని తిరిగిన తరం మాది. మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్, ఎక్కడికి పోయినా నెట్ సెంటర్ గోడకు ఆ గులాబీ రంగు బొమ్మ ఉండేది. అప్పటికి పుట్టని పిల్లలు ఇప్పుడు అదే ఊరు తిరిగి వస్తోందని ఎదురు చూస్తున్నారు. అన్నలూ చిన్నాన్నలూ చెప్పిన ఊరు కాబట్టి ఆ ఎదురుచూపులో వారసత్వం కూడా ఉంది. సినిమాల్లో మనకు ఇది మామూలే. ఆటల్లో కూడా అలాంటి తరాల వరస ఒకటి మన ఊళ్ళలో ఏర్పడిందని మనం ఇంకా గుర్తించలేదు.

ఎదురుచూపు గురించి ఆలోచిస్తే నాకు ఆదిలాబాద్ గుర్తొస్తుంది. అమ్మమ్మ వాళ్ళది ఉట్నూరు వైపు. చలికాలం సెలవులకు పోతే పుష్య మాసంలో నాగోబా జాతర మాట ఊరంతా మోగుతుండేది. కేస్లాపూర్‌లో జాతర పుష్య అమావాస్యకు. కానీ జాతర మొదలయ్యేది అమావాస్య నాడు కాదు. నెలవంక కనిపించగానే మెస్రం వంశం వాళ్ళు ఎడ్లబండిని కట్టి ఊరూరా పంపుతారు, జాతర వస్తోందని చెప్పడానికి. ఆ తర్వాత వాళ్ళే కాలినడకన జన్నారం దగ్గరి హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్ళు తెస్తారు. ఆ నీళ్ళతోనే నాగోబాకు పూజ. బండి వచ్చి పోయిన ఊళ్ళో ఆ రోజు నుంచీ మనుషుల నడక మారిపోయేది. ఎవరింటికి ఎవరు వస్తారు, ఏం తెస్తారు, ఎవరితో కలిసి పోవాలి, ఏ దుకాణం ముందు ఆగాలి. అమ్మమ్మ ఇంటి వెనక ఉండే గోండు పెద్దాయన ఆ నాళ్ళలో పనిలో ఉన్నా పాట తీసేవాడు. జాతర ఒక రాత్రి కాదు, బండి కదిలిన నాటి నుంచీ జాతరే.

లాస్ ఏంజెలిస్ సంతకూ కేస్లాపూర్ బండికీ పోలికేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. రెండూ రాబోయే దాన్ని ముందే ఊరికి తెస్తాయి. రెండూ మనుషులను కలిసి ఎదురు చూసేలా చేస్తాయి. రాబోయే ఆటలను చూపిస్తూ జూన్‌లో జరిగే సమ్మర్ గేమ్ ఫెస్ట్ మన గడియారంలో తెల్లవారుజామున రెండున్నరకు మొదలవుతుంది. హాస్టళ్ళలో పిల్లలు అలారం పెట్టుకుని లేచి, లైటు వేస్తే వార్డెన్ వస్తాడని దుప్పట్ల కింద ఫోన్లు పెట్టుకుని చూస్తారు. జాతరకు నడిచిపోయేవాళ్ళ ఉత్సాహం వాళ్ళ మొహాల్లో నేను చూశాను. ఇక తేడా దగ్గరికి వస్తే, అది చాలా పెద్దది. బండి పంపేది ఒక వంశం. వాళ్ళకు జాతర మీద లాభం లేదు, బాధ్యత ఉంది. తేదీ వాళ్ళ చేతిలో లేదు, చంద్రుడి చేతిలో ఉంది. అమావాస్య వాయిదా పడదు. ఆట తేదీ మాత్రం కంపెనీ చేతిలో ఉంటుంది, కంపెనీ వాటాదారుల చేతిలో ఉంటుంది. 2025లో అన్న ఆట 2026 మే నెలకు పోయింది, మే నుంచి నవంబరుకు పోయింది. తేదీ మాట ఇచ్చినవాడికి మాట తప్పితే పోయేదేమీ లేనప్పుడు ఆ ఎదురుచూపు ఎవరి దయ మీద బతకాలి?

ఇక్కడే నాకు కోపం వస్తుంది, దాచుకోను. సంతల్లో చూపినవన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపినవి కావు. 2005 ఈ-త్రీలో కిల్‌జోన్ రెండో భాగమని చూపిన యుద్ధం ఆడుతున్న ఆట కాదు, ముందే తయారు చేసి పెట్టుకున్న బొమ్మల సినిమా. అసలు ఆట 2009లో వచ్చింది. 2012లో వాచ్ డాగ్స్ ఆటలో చికాగో వాన, గాలికి ఎగిరే కాగితాలు, తడి రోడ్డు మీద మెరుపులు చూసి లోకం నోరెళ్ళబెట్టింది. 2014లో ఆట చేతికొచ్చేసరికి ఆ వెలుగులు చాలావరకు వెలిసిపోయాయని ఆడినవాళ్ళు మొత్తుకున్నారు. 2019లో సైబర్‌పంక్ 2077 కోసం కియాను రీవ్స్ స్వయంగా వేదిక మీదికి వచ్చాడు, హాలు దద్దరిల్లింది. ఆట 2020 ఏప్రిల్ అన్నారు, తర్వాత సెప్టెంబర్, తర్వాత నవంబర్, చివరికి డిసెంబర్ 10. పాత యంత్రాల మీద అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుంచి దాన్ని తీసేసి డబ్బులు వాపసు ఇచ్చింది. అన్నిటికంటే నన్ను బాధించేది, ఆ తేదీల వెనక మనుషులున్నారు. ఆ ఆట చివరి వారాల్లో ఉద్యోగుల చేత వారానికి ఆరు రోజులు పని చేయించారు. అంతకు ముందు అలా చేయించబోమని మాట ఇచ్చిన సంస్థే. వేదిక మీద ఒక పెద్దమనిషి నవ్వుతూ ప్రకటించిన తేదీ కోసం, అతను ఎప్పుడూ చూడని ఒక బల్ల దగ్గర ఒక అమ్మాయో అబ్బాయో రాత్రిళ్ళు కూర్చోవాలి. అలాంటి బల్లలు మనకు దూరంలో ఏమీ లేవు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో తయారు చేసే రాక్‌స్టార్‌కు బెంగళూరులోనే స్టూడియో ఉంది.

అయితే మోసం జరిగిందని ఎదురుచూపునే తప్పు పట్టాలా? నోమ్యాన్స్ స్కై సంగతి చూడండి. 2014 ఈ-త్రీలో ఇంగ్లండ్‌కు చెందిన కొద్దిమంది కుర్రాళ్ళ బృందం, లెక్కకు అందనన్ని గ్రహాలున్న విశ్వాన్ని చూపించింది. 2016లో ఆట వచ్చాక చెప్పినవి చాలా అందులో లేవు. తిట్లు వెల్లువలా వచ్చి పడ్డాయి. వాళ్ళు పారిపోలేదు. నోరు విప్పకుండా పనిలో కూర్చుని, చెప్పిన వాటిని ఏళ్ళ తరబడి ఒక్కటొక్కటిగా చేర్చారు, చెప్పనివి కూడా చేర్చారు, అదనంగా పైసా అడగలేదు. జనం పెట్టుకున్న ఆశే వాళ్ళను వెంటాడి మాట నిలబెట్టుకునేలా చేసిందని నా నమ్మకం. ఆశ లేకపోతే తిట్లూ ఉండవు, తిట్లు లేకపోతే ఆ దిద్దుబాటూ ఉండదు.

ఈ-త్రీ ఇప్పుడు లేదు. 2013 నుంచే నింటెండో పెద్ద వేదిక మానేసి తన వీడియోలు తానే విడుదల చేసుకోవడం మొదలుపెట్టింది. 2019లో సోనీ రాలేదు. కరోనా ఏడాది రద్దయింది. 2023 డిసెంబరులో శాశ్వతంగా మూసేస్తున్నామని ప్రకటించారు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ట్రైలర్ కోట్ల మందిని కదిలించినది కూడా ఆ నెలలోనే. ఏ సంతలోనూ బల్ల వేయకుండా, నేరుగా ఫోన్లలోకి. సంత చచ్చిపోయిన నెలలోనే సంత అక్కరలేని ట్రైలర్ పుట్టిందంటే, మధ్యవర్తి అవసరం తీరిపోయిందనే అనాలి. జర్మనీలోని కొలోన్‌లో గేమ్స్‌కామ్ మాత్రం ఆగస్టులో లక్షలాది జనంతో కిటకిటలాడుతూనే ఉంది. మనుషులు కలిసి చూడటం మానలేదు. దుకాణదారుల సంత పోయింది, ఆడేవాళ్ళ తిరునాళ్ళ మిగిలింది.

మన దగ్గరి తిరునాళ్ళ సంగతి చెప్పాలి. హైదరాబాద్ మాదాపూర్‌లోని హెచ్ఐసీసీలో ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ ఏళ్ళ తరబడి జరుగుతూ వచ్చింది. 2024 నవంబరులోనూ అక్కడే. నేను వెళ్ళినప్పుడు పెద్ద హాలులో ప్రసంగాలు వదిలేసి, చిన్న బృందాలు తమ ఆటలు పెట్టుకున్న వైపు ఎక్కువసేపు గడిపాను. ఒక బల్ల దగ్గర సిరిసిల్ల అబ్బాయి ఒకడు. ల్యాప్‌టాప్ ఒకటి, కంట్రోలర్ ఒకటి, హెడ్‌ఫోన్లు ఒక జత. వెనక బ్యానరు కూడా లేదు. "ఆడుండ్రి అన్నా, ఇంక కాలె, నడుమ నడుమ ఆగిపోతది" అన్నాడు ముందే. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే సాంచాల చప్పుడు. ఆ చప్పుడు సిరిసిల్లలో రోడ్డు మీద నిలబడినా వినపడుతుంది, ఇంటింటా మరమగ్గాలు. ఆటలో ఒక చిన్న పిల్ల చీకటి సందులో నాయన కోసం వెతుకుతూ నడుస్తుంది. దీపం లేదు. సాంచాల చప్పుడును బట్టే దారి. దగ్గరికి పోతే చప్పుడు పెరుగుతుంది, తప్పు సందులోకి తిరిగితే తగ్గుతుంది. ఒక మలుపు దగ్గర పిల్ల గోడలోకి దూరిపోయి ఇరుక్కుపోయింది. నేను కంగారుగా అతని వైపు చూశాను. అతను తెర చూడటం లేదు. నా బొటనవేళ్ళు చూస్తున్నాడు. ఎక్కడ తడబడ్డానో, ఎక్కడ తొందరపడ్డానో, ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. అరచేతికి చెమట పట్టినట్టుంది, పెన్ను మాటిమాటికీ చొక్కాకు తుడుచుకుంటున్నాడు. "ఆ గోడ సంగతి నాకు తెలుసన్నా. పొద్దటి నుంచి అందరూ ఆడ్నే ఇరుక్కుంటున్రు. అంటే నేను చూపెట్టిన దారి తప్పు, గోడది కాదు" అన్నాడు.

ఎన్ని ట్రైలర్లు చూసినా ఆ పది నిమిషాలంత ఉద్వేగం నాకు కలగలేదు. ఎందుకని చాలాకాలం ఆలోచించాను. ఆట పూర్తి కాలేదని దాచలేదతను. దాని బొక్కలూ బెజ్జాలూ నా చేతిలో పెట్టి, నా తడబాటును తన పనిలో కలుపుకున్నాడు. అక్కడ నేను ఊరికే ఎదురు చూసేవాణ్ణి కాదు, రాబోయే దానిలో చిన్న వంతు నాదీ. ఇంతకంటే ముఖ్యమైన మాట, అతను కట్టింది తన ఊరి ఇటుకలతో. నేను 2003లో తలలో కట్టుకున్న ఆటకు మానేరు తెచ్చుకున్నట్టే, అతను సాంచాల చప్పుడు తెచ్చుకున్నాడు. కాకపోతే నాది తలలోనే ఉండిపోయింది, అతనిది బల్ల మీదికి వచ్చింది. ఉట్నూరు అడవుల్లో దండారి గుస్సాడీల నెమలీకల టోపీలూ, నిర్మల్ కొయ్యబొమ్మలూ, బొగ్గు బావుల చీకటీ ఇలా ఏదో ఒక బల్ల మీదికి వచ్చే రోజు కోసం నేను ఏ అమెరికా ట్రైలర్ కోసం చూడనంతగా ఎదురు చూస్తున్నాను.

తెలుగువాళ్ళం ఆ లోకానికి మరీ పరాయివాళ్ళమూ కాదు. జపాన్‌లో హిదియో కొజిమా తయారుచేసిన డెత్ స్ట్రాండింగ్ రెండో భాగం 2025 జూన్‌లో వచ్చింది. అందులో మన రాజమౌళి, ఆయన కొడుకు కార్తికేయ చిన్న పాత్రల్లో కనిపిస్తారు. 2022లో రాజమౌళి జపాన్ పోయినప్పుడు ఆ స్టూడియోలోనే వాళ్ళ రూపాలను యంత్రాలతో పట్టి పెట్టుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో ప్లేస్టేషన్ లేని ఇళ్ళలో కూడా ఆ ముక్క తిప్పి తిప్పి చూశారు. తెలిసిన మొహం తెరలోపల కనపడితే కలిగే సంతోషం చిన్నదేమీ కాదు. మొహాలతో పాటు మన వాకిళ్ళు, మన మాట, మన సాంచాల చప్పుడు కూడా లోపలికి పోవాలని కోరుకోవడం అత్యాశ అనిపించుకోదు. ఉజ్వల పార్కు దగ్గర మా ఊరి ఐటీ టవర్ 2020 జూలైలో తెరిచారు. అక్కడి ఏదో ఒక గదిలో ఇలాంటి బల్ల ఒకటి పడాలి.

వంతెన మీది పిల్లాడి మాటకు ఇప్పుడు నా దగ్గర ఒక జవాబు ఉంది. రానీయుండ్రి అన్నావు, మంచిదే, ఎదురు చూడు. నువ్వు ఆపి ఆపి చూసిన అద్దాల మీది వెలుగు ఎలా చేశారో కనుక్కో. అది నేర్పే సాధనాలు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఆటలు చేసే కంపెనీలకు నేను చెప్పేది కూడా ఒక్కటే. చూపించదలిస్తే ఆడించి చూపించండి, పూర్తి కాకపోతే కాలేదని చెప్పండి, పనివాళ్ళ నిద్ర మీద తేదీలు పెట్టకండి. ఇక మా జిల్లాల కాలేజీల వాళ్ళకు ఒక విన్నపం. ఆ గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2025లో చెన్నైకి పోయింది. ఎక్కడ జరిగినా ఫరవాలేదు, హైదరాబాద్‌లో మళ్ళీ జరిగితే మరీ మంచిది, రాజీవ్ రహదారి మీద పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం లోపల మాదాపూర్‌లో ఉంటారు. ఒక బస్సు మాట్లాడి పిల్లల్ని తీసుకుపోండి. పెద్ద తెరల ముందు కాసేపు నిలబడనివ్వండి, తర్వాత బ్యానర్లు లేని బల్లల దగ్గరికి నడిపించి, ఆ ఆటలు చేస్తున్న వాళ్ళతో మాట్లాడించండి.